గిడుగు, గోనె, గోర్‌టెక్స్

పోయిన ఆగస్టులో అనంతగిరి దగ్గర కటికి జలపాతానికి నడుస్తూ తడిసి ముద్దయ్యాను. వాన వల్ల కాదు. ఒంటి మీద మూడువందల గ్రాముల జాకెట్ ఉంది. దాన్ని దాని జేబులోకే కుక్కేస్తే కొబ్బరికాయంత అవుతుంది. కొనేముందు మూడు వారాలు పరిశోధన చేశాను. ఉద్యోగంలో ఏ డిజైన్ డాక్యుమెంటు మీదా అంత శ్రద్ధ పెట్టలేదు. పదివేల మిల్లీమీటర్ల నీటి పీడనానికి ఆగే బట్ట, కుట్ల మీద టేపు, గాలాడే పొర, అన్నీ సరిచూసుకున్నాను. గంట నడిచాక జిప్ తీస్తే లోపలి టీషర్టు పిండుకోవచ్చు. బయటి చుక్క లోపలికి రాలేదు నిజమే, లోపలి చుక్క కూడా బయటికి పోలేదు.

దారి పక్క మడిలో ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. నెత్తి మీంచి నడుం కింది దాకా ఒక పాలిథిన్ షీటు, మెడ దగ్గర చిన్న ముడి. ముందు వైపంతా తెరిచే ఉంది. వాళ్లలో ఒకావిడ నన్ను చూసి పక్కావిడతో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు.

రాత్రికి తగరపువలస ఇంటికి చేరితే అమ్మమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "ఏటి నాన్నా, కోటు ఏసుకుని తానం చేసినావా?" జాకెట్ ధర చెప్పలేదు. దండెం మీద ఆరేస్తుంటే రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "దీనికంటే మా గిడుగు నయం గదా" అని లోపలికి వెళ్లిపోయింది.

నాకు గిడుగు అంటే ఇంటిపేరే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). ఆయన పుట్టినరోజున, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, స్టేటస్‌లు పెట్టుకుంటాం. ఆ మాటకి ఒక వస్తువు ఉందని ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా తెలీదు. తెలిశాక కొంచెం సిగ్గేసింది. ఆ కుటుంబానికి ఆ పేరు ఎలా వచ్చిందన్న వాదనలోకి నేను వెళ్లను. కానీ గ్రాంథికపు బరువు దించి జనం మాటను బడిలోకి తెద్దామన్న మనిషి ఇంటిపేరు, రైతుకూలీలు నెత్తిన పెట్టుకునే ఒక తేలికైన సరుకు కావడం బాగుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, కొండలెక్కి సవరల భాష నేర్చుకుని, 1931లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకం తెచ్చినవాడాయన. ఆ కొండల్లో వానాకాలం ఎలా ఉంటుందో చూసిన పండితులు ఆ రోజుల్లో ఎందరున్నారు?

అమ్మమ్మ చెప్పిన దాన్నిబట్టి గిడుగు ఇలా ఉంటుంది. వెదురు బద్దలతో ఒక చట్రం. దాని మీద తాటాకు, కొండ మీదైతే అడ్డాకు, ఒకదాని మీద ఒకటి ఇంటి కప్పులాగే పరుస్తారు. నెత్తి మీద ఆనుతుంది, వీపు మీదుగా నడుం దాటి దిగుతుంది. నిలబడినప్పుడు కాస్త వికారంగా కనిపిస్తుందిట. నడుం వంచితే మాత్రం తాబేలు డిప్పలా సరిగ్గా కూర్చుంటుంది. వంగి పనిచేసే మనిషి కోసం చేసింది కాబట్టి. రెండు చేతులూ ఖాళీ. గొడుగుకి ఒక చెయ్యి కావాలి. అసలు గొడుగు పనిచేసేవాళ్ల వస్తువు కాదు, పని చేయించేవాళ్లది. దేవుడి ఊరేగింపులో, రాజు నెత్తిన, కరణంగారి చేతిలో చూస్తాం గానీ మడిలో చూడం.

ఇది మన ఒక్కళ్ల తెలివే అనుకుంటే పొరపాటు. మేఘాలయలో ఖాసీలు దీన్ని క్నుప్ అంటారు, వెదురుతో, ఆకులతో సగం గుడ్డు పెంకులా అల్లుతారు. కర్ణాటక మలెనాడులో గొరబు అంటారు. కుద్రేముఖ్ ట్రెక్‌కి వెళ్లినప్పుడు మేం దిగిన ఇంట్లో ఒక గొరబు గోడకి అలంకారంగా వేలాడుతోంది. దాని కింద నిలబడి ఫొటో తీసుకున్నాను. అప్పుడు నా ఒంటి మీద ఏ జాకెట్ ఉందో చెప్పక్కర్లేదు.

మా ఊరి వైపు వానకీ బట్టకీ ఉన్న ఇంకో పాత సంబంధం చెప్పాలి. విశాఖ నుంచి భీమిలికి సముద్రం పక్కన వస్తుంటే తొట్లకొండ, బావికొండ, భీమిలిలో పావురాళ్లకొండ, రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారాల శిథిలాలు. తొట్లకొండకి ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే వచ్చింది. బౌద్ధ భిక్షువులు వానాకాలం తిరుగుడు మానేసి ఒకచోటే ఉండాలన్నది నియమం. వినయపిటకంలో ఒక కథ ఉంది. విశాఖ అనే ఉపాసిక పంపిన దాసి ఆరామానికి వెళ్లి చూస్తే, భిక్షువులు వానలో బట్టల్లేకుండా స్నానం చేస్తున్నారు. అది విని విశాఖ బుద్ధుణ్ణి వరాలు అడిగింది. మొదటిది, భిక్షువులకు వానలో కట్టుకునే బట్ట ఇచ్చే అవకాశం. పాళీలో దాన్ని వస్సికసాటిక అంటారు. వానకోటుకి పూర్తిగా తిరగేసిన ఆలోచన ఇది, తడవకుండా ఉండడానికి కాదు, మర్యాదగా తడవడానికి బట్ట. (ఆ విశాఖకీ మా విశాఖకీ ముడిపెట్టాలని నాకూ చెయ్యి దురద పెడుతోంది. పెట్టను.)

ఇంక గోనె దగ్గరికి వస్తాను. మా తాత చిట్టివలస జూట్ మిల్లులో పనిచేశాడు. మా ఇంటి నుంచి మిల్లు నడక దూరం, గోస్తనీ పక్కన. షిఫ్టుకి వానలో వెళ్లాల్సి వస్తే గోనె సంచి తీసుకుని, అడుగున ఒక మూలని రెండో మూలలోకి దూర్చేవాడు. టోపీ తయారు, మిగతాది వీపు మీదికి. నేను చిన్నప్పుడు అది చూసి మాయాజాలం అనుకున్నాను. కుట్టు లేదు, గుండీ లేదు, విప్పితే మళ్లీ సంచే. మడిచి చంకలో పెట్టుకోవచ్చు. ఇవాళ కంపెనీలు 'ప్యాకబుల్' అని అమ్మే గుణమంతా దానికుంది, ఒక్క బరువు తప్ప. యాభై కిలోల ధాన్యం పట్టే గోనె ఖాళీగా అర కిలో పైనే తూగుతుంది. జనపనార నీళ్లు తాగుతుంది కూడా. "తడిస్తే గుంటణ్ణి మోసినట్టే ఉండేది" అంది అమ్మమ్మ.

ఆ గోనె వెనక పెద్ద వ్యవహారమే ఉంది. గోగు మొక్క నారకి ప్రపంచ వ్యాపారంలో ఒక పేరు బిమ్లిపటం జూట్. బిమ్లిపటం అంటే మన భీమునిపట్నమే. డచ్చివాళ్ల కాలం నుంచీ ఓడలు ఆగిన రేవు. బెంగాల్ జనుము వేరే మొక్క, మనది మందార కుటుంబంలోది, గోంగూర వంశం. లేత ఆకు పచ్చడిలోకి, ముదిరిన కాడ నీళ్లలో కుళ్లబెట్టి నారలోకి. ఇంగ్లీషువాళ్ల గన్నీ అన్న మాట మన భాషల్లోని గోనె, గోణి నుంచి వెళ్లిందే. అంటే మా తాత నెత్తిన పెట్టుకున్నది ఆయన చుట్టుపక్కల పొలాల్లో పండినది, ఆయన మిల్లులో నేసినది, ఆయన తిన్న పచ్చడికి చుట్టం. నా జాకెట్ లేబుల్ మీద మూడు దేశాల పేర్లున్నాయి. అందులో ఒక్క ఊరి పేరు కూడా నేను సరిగ్గా పలకలేను.

బ్రిటన్‌లో అప్పటికే దారి వేరు. గ్లాస్గోలో చార్లెస్ మాకింటాష్, గ్యాస్ దీపాల కోసం బొగ్గు కాల్చగా మిగిలే తారు నుంచి నాఫ్తా తీసి, అందులో రబ్బరు కరిగించి, రెండు బట్టల మధ్య పూత పూసి 1823లో పేటెంట్ తీసుకున్నాడు. చలికి అట్టలా బిగుసుకునేది, ఎండకి జిగురయ్యేది, కంపు కొట్టేది. 1840ల్లో రబ్బరుని గంధకంతో ఉడికించే పద్ధతి వచ్చాక కుదుటపడింది. మన దగ్గర ఆ పని చేసినవాడు సురేంద్ర మోహన్ బోస్. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లిన మనిషి, 1920లో బెంగాల్ వాటర్‌ప్రూఫ్ పెట్టాడు. డక్‌బ్యాక్ అంటే మా ముందు తరం వాళ్ల మొహాలు వెలుగుతాయి. మా అమ్మకి బళ్లో చదివేటప్పుడు ఒకటుండేదట. దాని వాసన ఇప్పటికీ గుర్తుందంటుంది, మంచి అర్థంలో కాదు.

ఇవన్నీ నీరు రాకుండా గోడ కట్టిన కథలు. గోడ లోపలి మనిషికి చెమట పడుతుందన్నది చాలాకాలం ఎవరికీ పెద్ద సమస్య కాలేదు. ఎందుకంటే ఆ గోడ కట్టింది చలి దేశంలో. 1965లో పారిస్‌లో లియోన్ క్లోడ్ దుహామెల్ అనే ఆయన, నడుముకి కట్టుకునే చిన్న సంచిలోకి మడిచిపెట్టే నైలాన్ కోటు తీసుకొచ్చాడు. కె-వే. వానకోటుని వెంట మోసుకెళ్లే వస్తువుగా మార్చింది అదే అనుకోవచ్చు. 1969లో అమెరికాలో బాబ్ గోర్, టెఫ్లాన్ కడ్డీని వేడిచేసి నెమ్మదిగా లాగితే తెగిపోతోందని విసుగెత్తి, ఒక్కసారిగా గుంజాడు. తెగలేదు, సాగింది. లోపలంతా కంటికి కనబడని రంధ్రాలు. నీటి చుక్క పట్టనంత చిన్నవి, ఆవిరి పోయేంత పెద్దవి. అదే గోర్‌టెక్స్. 1970లు గడిచేసరికి కొండలెక్కేవాళ్ల వీపుల మీదికి చేరింది.

ఇక్కడే నా మూడు వారాల పరిశోధన బోల్తా కొట్టింది. ఆవిరి తనంతట తాను బయటికి పోదు. లోపలి ఆవిరి పీడనం బయటికంటే ఎక్కువుంటేనే పోతుంది. ఇంటికొచ్చాక కూర్చుని లెక్క వేశాను, వెళ్లేముందే వేయాల్సింది. చెమట పట్టిన ఒంటి దగ్గర, 35 డిగ్రీల్లో, సుమారు 5.6 కిలోపాస్కల్స్. స్కాట్లాండ్‌లో పది డిగ్రీల వానలో బయట 1.2. తేడా నాలుగు పైన, కాబట్టి చెమట పరిగెత్తుకుంటూ పోతుంది. మా వైపు 28 డిగ్రీల వానలో, గాలిలో తేమ 95 శాతం ఉంటే, బయటే 3.6 ఉంటుంది. మిగిలే తేడా సగానికి తక్కువ. పైన బట్ట తడిసి నీటి పొర కట్టిందా, అదీ లేదు. పైన నీళ్లు జారడానికి వేసే పూతేమో నాలుగు ఉతుకులకి అరిగిపోతుంది. ఆ పూతల్లో, వాటి తయారీలో ఏళ్లపాటు వాడిన ఫ్లోరిన్ రసాయనాల్లో ఒకటైన పీఎఫ్‌ఓఏని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిషేధిత జాబితాలో చేర్చారు. లేబుల్ మీది అంకెలు అబద్ధం కావు. అవి వేరే ఊరి వానకి రాసిన అంకెలు.

గిడుగు ఈ లెక్కలోకే రాదు. కింద, ముందు తెరిచే ఉంది కాబట్టి గాలి తిరుగుతుంది. ముఖం మీద, మోచేతుల మీద వాన పడుతుంది, పడనీ. అమెరికాలో రే జార్డిన్ అనే పెద్ద ట్రెక్కరు 1990ల్లో వేల మైళ్ల నడకకి జాకెట్ కంటే గొడుగు మేలని వాదిస్తే అదొక తిరుగుబాటులా చెప్పుకున్నారు. సిలికాన్ పూసిన పల్చటి నైలాన్ పాంచోలు, వీపు సంచితో సహా కప్పేవి, రెండువందల గ్రాముల్లోపు, వాటినిప్పుడు కొత్త తరం తేలిక సరుకుగా అమ్ముతున్నారు. బొమ్మ చూపిస్తే అమ్మమ్మ గుర్తుపట్టింది.

మా ఊళ్లో మాత్రం మధ్యలో ఒక మెట్టు జరిగింది. ఎరువులు, సిమెంటు ప్లాస్టిక్ నేత సంచుల్లోకి మారాయి. 1987లో ధాన్యానికీ చక్కెరకీ జనపనార సంచులే వాడాలని కేంద్రం చట్టం చేసినా, మిగతా సరుకులు ఒక్కొక్కటిగా జారిపోయాయి. యూరియా సంచి తడిచినా బరువెక్కదు, నూరు గ్రాములకి అటూఇటూ. గోనె టోపీ మడతే దానికీ పనికొచ్చింది. గోనె పోయి అది వచ్చింది, గిడుగు పోయి పాలిథిన్ షీటు వచ్చింది. తడవని తేలిక సంచి గెలవడం సబబే అంటాను ఇంజనీరుగా. మోసినవాళ్ల వీపులకి అది మేలే చేసింది. 2009లో చిట్టివలస మిల్లు మూతబడింది. నేనప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడు, క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం ఆప్టిట్యూడ్ లెక్కలు చేసుకుంటున్నాను. సెలవుల్లో ఊరొచ్చినప్పుడు సైరన్ వినబడలేదని రెండో రోజుకి గానీ గమనించలేదు. తాత అంతకు ముందే రిటైరై, పోయాడు. ఆయన స్నేహితులు కొందరు గేటు ఎదుట టీకొట్టు దగ్గర మామూలు షిఫ్టు వేళకే వచ్చి కూర్చునేవాళ్లు. ఒకాయన నెత్తిన, వాన లేకపోయినా, గోనె టోపీ ఉండేది. ఎండకి అనుకున్నాను. అడిగి ఉండాల్సింది.

గిడుగు అల్లేవాళ్ల కోసం ఈసారి తగరపువలస బజారులో వాకబు చేశాను. తట్టలు, చేటలు అమ్మే ఒకాయన, "ఎవలు కొంతారు బాబూ, మీరేటైనా సినిమా తీస్తన్నారా?" అన్నాడు. వాళ్ల నాన్న అల్లేవాడట. చట్రానికి ఎన్ని బద్దలు పడతాయో వేళ్ల మీద లెక్కపెట్టి, మధ్యలో ఆగి, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. నా నంబరు ఇచ్చి వచ్చాను.

పాంచో కొన్నాను. నూట తొంభై గ్రాములు, మా వంటింటి కాటాలో తూచాను. మొన్న పండక్కి ఊరికి తీసుకెళితే రెండో రోజు పొద్దున్నే బ్యాగులో లేదు. పెరట్లోకి వెళ్లి చూస్తే అమ్మమ్మ దాన్ని వడియాల మీద కప్పి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టింది. చినుకులు పడుతున్నాయి. ఆవిడ మాత్రం నెత్తిన యూరియా సంచితో గుమ్మం దగ్గరే నిలబడి, "బాగుంది నాన్నా, ఇదొకటి నాకుండనీ" అంది.