తేదీకి సాక్ష్యం ఏది? ఉప్పల్–నాచారం పరిసరాల నుంచి కొన్ని ప్రశ్నలు

బడిలో ప్రార్థన వేళకు నల్లబల్ల మీద తేదీ, హాజరు, సూక్తి రాసి, కింద ‘చరిత్రలో ఈ రోజు’ అంటూ ఒక ప్రశ్న వేయడం మనకు బాగా తెలిసిన అలవాటు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇలాంటివి వందల కొద్దీ బట్టీ పడతారు. ప్రతి ప్రశ్నకూ ఒకే జవాబు ఉంటుందన్న నమ్మకం మీదే ఇదంతా నడుస్తోంది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఉప్పల్, నాచారం, హబ్సిగూడ తేదీలతో పరీక్షించి చూశాను. నమూనా చిన్నది కాబట్టి దీన్నుంచి సార్వత్రిక సూత్రం తీయడం తొందరపాటే అవుతుంది. అయినా ఒక ధోరణి కనిపిస్తోంది. ఘటన ఎంత ప్రసిద్ధమైనా, తేదీకి బలం వచ్చేది అది జరుగుతున్నప్పుడే నమోదైనందువల్ల.

అన్నిటికన్నా గట్టివి ఉప్పల్ క్రికెట్ స్టేడియం తేదీలు. 2009 నవంబరు 5న ఆస్ట్రేలియా 4 వికెట్లకు 350 పరుగులు చేసింది. సచిన్ 141 బంతుల్లో 175 కొట్టాడు, ఆ ఇన్నింగ్స్‌లోనే వన్డేల్లో 17,000 పరుగులు దాటాడు. అయినా భారత్ 347కి ఆలౌటై 3 పరుగుల తేడాతో ఓడింది. ప్రతి బంతినీ స్కోరరు అప్పటికప్పుడే రాసుకున్నాడు కాబట్టి ఇక్కడ వాదనకు తావు లేదు. అదే రోజు విరాట్ కోహ్లీ 21వ పుట్టినరోజు కావడంతో, నవంబరు 5 ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు ఒకే తేదీన ఘటనా, జన్మదినమూ రెండూ దొరుకుతాయి. కోహ్లీ మాత్రం ఆ మ్యాచ్ తుది జట్టులో లేడు. రెండు వాస్తవాలను ఒకే వాక్యంలో కలిపేవాళ్లు ఇది గమనించాలి.

రికార్డు గట్టిదైనా ప్రశ్న బలహీనంగా ఉండొచ్చు. ‘ఉప్పల్‌లో జరిగిన ఐపీఎల్ ఫైనల్లో ముంబై ఒక్క పరుగుతో ఎవరిని ఓడించింది?’ అని అడిగితే జవాబులు రెండు. 2017 మే 21న పుణె, 2019 మే 12న చెన్నై. సంవత్సరం చెప్పకుండా ఈ ప్రశ్న అడగడం న్యాయం కాదు.

సంస్థల తేదీల దగ్గర చిక్కు ఇంకో రకం. నాగోలు నుంచి ఉప్పల్ మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్ల మెట్రోను ప్రధాని ప్రారంభించింది 2017 నవంబరు 28న. జనం టికెట్ కొని ఎక్కింది మర్నాడు. హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీది మరీ పొడుగాటి కథ. అప్పటి ప్రాంతీయ పరిశోధనశాలలోని జీవరసాయన విభాగమే కేంద్రంగా, పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో 1977 ఏప్రిల్ 1న అది మొదలైంది. 1981–82లో పూర్తిస్థాయి జాతీయ ప్రయోగశాల హోదా వచ్చింది. 1987 నవంబరు 26న రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. ‘సీసీఎంబీ ఎప్పుడు ఏర్పడింది?’ అన్న ప్రశ్నకు 1987 అని రాసిన విద్యార్థికి సున్నా వేసే ముందు, ‘ఏర్పడటం’ అంటే ఏమిటో ప్రశ్నలో చెప్పామా అని చూసుకోవాలి. తప్పు తరచుగా ప్రశ్నదే అని నా అభిప్రాయం. ఉప్పల్ ఏ జిల్లాలో ఉందన్నదీ అంతే. 2016 అక్టోబరు 11కి ముందు అచ్చయిన పుస్తకంలో రంగారెడ్డి, తర్వాతి పుస్తకంలో మేడ్చల్–మల్కాజిగిరి ఉంటుంది. రెండూ వాటి కాలానికి సరైనవే.

ఇక పుట్టినరోజులు. నాచారం పేరెత్తితే రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియో, దానితోపాటు ఎన్టీఆర్ గుర్తొస్తారు. ఆయన పుట్టింది 1923 మే 28న. శతజయంతి సందర్భంగా రాష్ట్రపతి వంద రూపాయల నాణెం విడుదల చేసింది 2023 ఆగస్టు 28న. రోజు అంకె ఒకటే కాబట్టి ఈ రెండూ కలిసిపోయే ప్రమాదం ఉంది.

అసలు కష్టం తిథి నుంచి తేదీకి మారిన జన్మదినాలతో వస్తుంది. దీనికి ఈ పరిసరాలు దాటి ఒక ఉదాహరణ తీసుకుంటాను. కవి శ్రీశ్రీ పుట్టినరోజుగా 1910 జనవరి 2, ఏప్రిల్ 30 రెండూ చలామణిలో ఉన్నాయి. ఇక్కడ పంచాంగం కొంత సాయం చేస్తుంది. ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. కాబట్టి జనవరి 2 సౌమ్య నామ సంవత్సరంలో పడుతుంది, ఏప్రిల్ 30 సాధారణ నామ సంవత్సరంలో. పుట్టిన సంవత్సరం పేరు రాసిన నమ్మదగిన పాత కాగితం ఒక్కటున్నా రెండింటిలో ఒకటి తొలగిపోతుంది. తిథి కూడా ఉంటే మరింత దగ్గరికి రావచ్చు గానీ అక్కడా జాగ్రత్త కావాలి. ఆ సాధారణ నామ సంవత్సరపు చైత్రంలో బహుళ షష్ఠి ఏప్రిల్ చివరికి వస్తే, శుద్ధ షష్ఠి నెల మధ్యలోనే వస్తుంది. నకలు రాసినవారు ‘శుద్ధ’, ‘బహుళ’ తారుమారు చేస్తే తేదీ పక్షం రోజులు జరిగిపోతుంది.

అందుకే శ్రీశ్రీ గురించి నల్లబల్ల మీద రాయాల్సి వస్తే, ఏ రోజు పుట్టారని కాక ఏ సంవత్సరం పుట్టారని అడగమంటాను. రెండు తేదీల్లో ఏది నిజమైనా 1910 అన్న జవాబు మారదు. రోజే అడగాలనుకునేవారు ఏ ఆధారం ప్రకారమో ప్రశ్నలోనే రాయాలి.