ఓణీ వయసుకో నవల

మాది మేడ్చల్, నాగపూర్ రోడ్డు. మా అక్కది శామీర్‌పేట, కరీంనగర్ రోడ్డు. వేసవి సెలవులకి అక్కకూతురు మా ఇంటికొచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల. మా అమ్మ చందమామ సీరియళ్ళు చించి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచిన కట్ట ఒకటి నా దగ్గరుంది. దాన్ని దాని చేతికిచ్చి, గొప్ప కానుక ఇచ్చినట్టు నిలబడ్డాను. రెండురోజుల్లో తిరిగి తెచ్చిచ్చింది.

"కథ మంచిగుంది గని చిన్నమ్మా, సాహసాలన్ని ఎక్కువ మొగోళ్ళే చేస్తరు. నా అసొంటి పిల్ల ఏడుంది ఇండ్ల?"

నవలలు రాసుకునే నాకు జవాబు తోచలేదు. వెనక్కి తిరిగి చూస్తే సంగతి బోధపడింది.

రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారూ, అక్కయ్య కామేశ్వరిగారూ 'బాల' పత్రిక పెట్టింది 1945లో. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల 'చందమామ' వచ్చింది. 1954లో అందులో మొదలైన 'తోకచుక్క' మొదలు ఎన్నో సీరియళ్ళు రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారు. ఆయన పేరు తెలియకుండానే రెండు మూడు తరాల పిల్లలు వాటికోసం నెలనెలా ఎదురుచూశారు.

బాగానే వుంది. పన్నెండేళ్ళు దాటాక? అక్కడే గొయ్యి! పిల్ల అమాంతం చందమామలోంచి అమ్మ వారపత్రికలోకి దూకాల్సిందే. అదీ అమ్మ చూడకుండా, లెక్కల పుస్తకం మాటున. 1960ల్లో యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' అలా ఎంతమంది చదివారో! జయంతి ఆత్మాభిమానం ఆ పిల్లలకి మంచే చేసిందంటాను. అయినా జయంతి ఉద్యోగానికెళ్ళే యువతి. బడికెళ్ళే పిల్ల కాదు.

ఈ గొయ్యి మనకొక్కరికే లేదు. అమెరికాలో ఎస్.ఇ. హింటన్ అనే అమ్మాయి, తన యీడువాళ్ళ బతుకు పుస్తకాల్లో కనబడక, హైస్కూల్లో వుండగానే తనే ఒక నవల రాసేసింది. 'ది అవుట్‌సైడర్స్' పేరుతో 1967లో అచ్చయ్యేసరికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు. మన దేశంలో సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారం 2010లో మొదలైంది. తొమ్మిది నుంచి పదహారేళ్ళవాళ్ళ పుస్తకాలకి. తెలుగులో మొదటిసారి అది దక్కింది ఒక నవలకే: కలువకొలను సదానందగారి 'అడవితల్లి'.

ఇదంతా తెలుసుకున్నాక నాకూ ఉత్సాహం వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల కథ ఒకటి రాసి దాచుకున్నాను లెండి. ఆ రాతప్రతి తీసి, ఒక పెన్సిలు కూడా ఇచ్చి, "నచ్చనిచోట గీత పెట్టవే" అన్నాను.

నాలుగోరోజు కాయితాలు వచ్చాయి. గీతలు చూసి నా మొహం మాడిపోయింది. అమ్మో, నాన్నో, టీచరమ్మో నీతి చెప్పిన ప్రతిచోటా ఒక గీత! చివరి అధ్యాయం పక్కన నిలువునా పొడుగాటి గీత.

"ఆఖరికి అన్ని టీచరమ్మే చక్కబెట్టింది గద. మరి గా పిల్ల ఏం చేసినట్టు?"

కోపమొచ్చింది. రాత్రి పడుకుని ఆలోచిస్తే పోయింది. ఆ పిల్ల కష్టం నిజమే రాశాను. ఆ కష్టంలోంచి తనంతట తను బయటపడగలదని మాత్రం నమ్మలేకపోయాను. తల్లులం ఇళ్ళలో చేసేదీ అదే కదూ!

ఈ వయసు నవలని తూచడానికి నాకు తెలిసిన రాయి ఇప్పుడిదొక్కటే. భాషా, బొమ్మలూ, నీతీ తరవాత. కథలో పిల్ల తనే ఒక నిర్ణయం తీసుకుందా? అది తప్పయితే ఆ తప్పు తనే దిద్దుకోనిచ్చారా?

సెలవులయ్యాక దాన్ని శామీర్‌పేటలో దింపడానికి వెళ్ళాను. చెరువుకట్ట దగ్గర ఆగి, "గీ చెరువు గూడ పెట్టు చిన్నమ్మా నీ కథల" అంది.

చివరి అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను. మీరూ పిల్లలకి నవల కొనిచ్చేటప్పుడు ఒక పెన్సిలు కూడా ఇచ్చి చూడండి. గీతలు చూసి కోప్పడకండేం!