హిమాలయాల్లో నీలి గొర్రె వేట: అనుమతి ఎవరిస్తారు, డబ్బు ఎవరికి చేరుతుంది?

సముద్ర మట్టానికి నాలుగు వేల మీటర్ల ఎత్తున, రాతి చరియల మీద మేసే ఒక పొట్టేలును కాల్చడానికి విదేశాల నుంచి ఏటా కొందరు దక్షిణాసియాకు వస్తారు. ఇది దొంగ వేట కాదు. ప్రభుత్వమే కోటా నిర్ణయించి, అనుమతులు వేలం వేసి, వెంట తన మనిషిని పంపి జరిపించే వేట. నేపాల్‌లోని ఒక అభయారణ్యంలో ఇది చట్టబద్ధం. పాకిస్తాన్ పాలనలో ఉండి, భారత్ తన భూభాగంగా చెప్పే గిల్గిత్-బాల్టిస్తాన్‌లోనూ చట్టబద్ధమే. ఆ పక్కనే ఉన్న లద్దాఖ్‌లో అదే జంతువును చంపితే జైలుకు వెళ్లాల్సిందే.

ఒక ముసలి పొట్టేలును చంపడానికి కట్టిన డబ్బు మిగతా మందను బతికిస్తుందా? దీని మీద దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. ఆ వాదన అర్థం కావాలంటే ముందు జంతువును, తర్వాత వేట పద్ధతిని, చివరగా డబ్బు నడిచే దారిని చూడాలి.

ఏమిటీ నీలి గొర్రె?

హిందీలో భరల్, నేపాలీలో నౌర్, లద్దాఖీలో నాపో అంటారు. శాస్త్రీయ నామం సూడోయిస్ నయౌర్. పేరులో ఉన్నంత నీలం ఒంటి మీద ఉండదు. బూడిద రంగు బొచ్చులో పలచని నీలి ఛాయ మాత్రమే కనిపిస్తుంది. కదలకుండా నిలబడితే రాయికీ దానికీ తేడా తెలియదు.

ఇది అచ్చమైన గొర్రె కూడా కాదు. గొర్రె లక్షణాలూ మేక లక్షణాలూ కలిసి ఉంటాయి, జన్యుపరంగా మేకకే దగ్గర. జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్ 1973లో నేపాల్‌లోని డోల్పో ప్రాంతానికి వెళ్లింది భరల్‌ను అధ్యయనం చేయడానికే. ఆయన వెంట నడిచిన రచయిత పీటర్ మాథీసెన్ ఆ ప్రయాణం మీదే ‘ది స్నో లెపర్డ్’ పుస్తకం రాశారు.

ఎదిగిన పొట్టేలు 50 నుంచి 75 కిలోల దాకా తూగుతుంది. కొమ్ములు పక్కలకు విచ్చుకుని వెనక్కి వంగుతాయి. వేటగాడు డబ్బు కట్టేది ఆ కొమ్ముల కోసమే. మంచు చిరుతకు మాత్రం భరల్ ప్రధాన ఆహారాల్లో ఒకటి. ఐయూసీఎన్ లెక్కల్లో ఈ జాతికి మొత్తంగా ముప్పు తక్కువే. అయితే ఒక లోయలో మంద తరిగిపోతే అక్కడి చిరుత ఊళ్లోని మేకల మీద పడుతుంది. కాబట్టి మంద క్షేమం ఊరి క్షేమం కూడా.

ఎక్కడ, ఎప్పుడు?

నేపాల్‌లో వేటకు కేటాయించిన అభయారణ్యం ఒక్కటే, ధోర్‌పాటన్. ధవళగిరి పర్వత శ్రేణికి దక్షిణాన రుకుమ్, మ్యాగ్దీ, బాగ్లుంగ్ జిల్లాల్లో 1,325 చదరపు కిలోమీటర్లలో విస్తరించి ఉంది. 1983లో ఏర్పాటై, 1987లో గెజిట్‌కెక్కింది. దాన్ని బ్లాకులుగా విడగొట్టి, బ్లాకుల వారీగా ఎన్ని భరల్‌లను కాల్చవచ్చో నిర్ణయిస్తారు. వేటకు వసంతంలో ఒకటి, శరదృతువులో ఒకటి, రెండు సీజన్లు. పిల్లలు పుట్టే వేసవి మొదట్లో వేట ఉండదు.

గిల్గిత్-బాల్టిస్తాన్‌లో భరల్ ఎక్కువగా ఉండేది ఎగువ హుంజాలోని శింషాల్, ఖుంజెరాబ్ చుట్టుపక్కల. శింషాల్ వాఖీ భాష మాట్లాడే పశుపోషకుల ఊరు. దానికి జీపు రోడ్డు వచ్చింది 2003లోనే. అక్కడ వేట సీజన్ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. గ్రామ సంఘాలు కాపాడుకునే ప్రాంతాలకే కోటా ఇస్తారు.

వేట ఎలా సాగుతుంది?

ధోర్‌పాటన్‌లో అనుమతిని సాధారణంగా వేట యాత్రలు నడిపే కంపెనీలు వేలంలో కొంటాయి. గైడ్, జాడ తీసేవాళ్లు, వంటమనిషి, పోర్టర్లు, గుడారాలు కలిపి ప్యాకేజీగా వేటగాడికి అమ్ముతాయి. చాలామంది హెలికాప్టర్‌లో వచ్చి, మొదటి కొన్ని రోజులు ఎత్తుకు అలవాటు పడటానికి శిబిరంలోనే ఉంటారు. మొత్తం యాత్ర రెండు వారాల దాకా పడుతుంది.

అందులో తుపాకీ పేల్చేది ఒక్క నిమిషం. మిగతా కాలమంతా వెతకడమే. తెల్లవారకముందే బయల్దేరి, శిఖరం అంచున పడుకుని, ఎదుటి కొండను దూరదర్శినితో గజం గజం గాలిస్తారు. కనిపించిన మందలో మగవి ఎన్ని, వాటిలో ముసలిది ఏదో తేల్చేది గైడే. కొమ్ము మీద ఏటా పడే వలయాలను లెక్కపెడితే వయసు తెలుస్తుంది. నియమం ప్రకారం ఈడు మీరిన మగదాన్నే కాల్చాలి. ఆడదాన్నో, వయసులో ఉన్న మగదాన్నో కాల్చితే తప్పు. చాలాచోట్ల గాయపడి తప్పించుకున్న జంతువునూ కోటాలోనే లెక్కిస్తారు.

మందకు వాసన తగలకుండా గాలి వాటం చూసుకుంటూ దగ్గరకు వెళ్లాలి. భరల్ బెదిరితే నిట్టనిలువు చరియలోకి దూకుతుంది, మనిషి వెంటపడలేడు. అందుకే రెండు మూడు వందల మీటర్ల దూరం నుంచే కాల్చుతారు. కొమ్ములూ చర్మమూ వేటగాడికి వెళ్తాయి, మాంసం సాధారణంగా స్థానికులకు మిగులుతుంది.

ఈ పనిలో అసలు నైపుణ్యం జాడ తీసేవాడిది. అతను చాలాసార్లు ఆ కొండల్లోనే పెరిగిన పశువుల కాపరి. ఏ మంద ఏ నెలలో ఏ వాలులో ఉంటుందో అతనికి తెలుసు. ఆ తెలివితోనే అతను మందను కాపాడగలడు, కావాలంటే దొంగచాటుగా చంపనూగలడు.

డబ్బు ఏ దారిన పోతుంది?

ఇక్కడే రెండు ప్రాంతాలూ వేరవుతాయి. గిల్గిత్-బాల్టిస్తాన్‌లో అనుమతి రుసుములో 80 శాతం గ్రామ సంఘానికి, 20 శాతం ప్రభుత్వానికి వెళ్తుంది. ఊరివాళ్లు ఆ సొమ్మును కాపలాదార్ల జీతాలకు, బడికి, నీటి కాల్వలకు ఖర్చుపెట్టుకోవచ్చు. దొంగ వేటగాడు అప్పుడు ఊరి సొమ్ము కాజేసేవాడు అవుతాడు.

ఈ ఆలోచనకు పేరు తెచ్చింది బలూచిస్తాన్‌లోని తోర్‌ఘర్ కొండలు. అక్కడ మార్ఖోర్ అనే అడవి మేక, ఉరియల్ అనే అడవి గొర్రె దాదాపు తుడిచిపెట్టుకుపోయే దశలో 1980ల మధ్యలో స్థానిక పఠాన్ తెగ నాయకులు ఊరి వేటగాళ్లనే కాపలాదార్లుగా పెట్టారు. ఏటా కొద్దిపాటి వేట అనుమతులతో వచ్చిన డబ్బే వాళ్ల జీతం. రెండు జాతులూ మళ్లీ పెరిగాయి. 2015లో ఐయూసీఎన్ మార్ఖోర్‌ను అంతరించే ముప్పున్న జాబితా నుంచి రెండు మెట్లు దించింది. 2024లో చిత్రాల్‌లో ఒక్క మార్ఖోర్ అనుమతి 2,71,000 డాలర్లు పలికింది. మన రూపాయల్లో రెండు కోట్లకు పైమాటే. భరల్‌కు అంత ధర రాదు.

నేపాల్ కథ వేరు. జాతీయ పార్కుల రాబడిలో 30 నుంచి 50 శాతం చుట్టూ ఉన్న మధ్యస్థ మండలాల గ్రామాలకు ఇవ్వడానికి 1993 చట్ట సవరణ వీలు కల్పించింది. ధోర్‌పాటన్‌కు దశాబ్దాల తరబడి అలాంటి మండలమే ప్రకటించలేదు. వేట రుసుము ఖజానాకు, ప్యాకేజీ లాభం కంపెనీకి పోతే ఊరికి మిగిలింది పోర్టర్ కూలి. మేత మీద ఆంక్షలు మాత్రం ఊరి నెత్తినే పడ్డాయి.

లెక్క తప్పితే?

కోటా సరిగ్గా ఉండాలంటే మందల లెక్క సరిగ్గా ఉండాలి. రాళ్లలో కలిసిపోయే జంతువును అంత ఎత్తున లెక్కపెట్టడం కష్టం. లెక్కపెట్టేవాళ్లకే వేట రాబడి వస్తుంటే, అంకె పెద్దదిగా చూపాలన్న ఆశ కూడా ఉంటుంది. అందుకే వేటతో సంబంధం లేనివాళ్లు లెక్కించాలని శాస్త్రవేత్తలు అడుగుతుంటారు.

రెండో చిక్కు కొమ్ములది. కెనడాలోని రామ్ మౌంటెన్ అడవి గొర్రెల మీద 30 ఏళ్ల సమాచారంతో 2003లో ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పెద్ద కొమ్ముల పొట్టేళ్లను ఏరి చంపుతూ పోతే తర్వాతి తరాల్లో కొమ్ములు చిన్నవవుతాయని అది చూపింది. ఆ ప్రభావం ఎంతన్నదానిపై తర్వాత వాదన నడిచింది. ఏమైనా, ముసలి పొట్టేలు మందకు అక్కర్లేనిదన్న మాటను అలాగే ఒప్పుకోలేం.

ఇక వేటతో సంబంధం లేని ముప్పులున్నాయి. ఊరి మందలు మేత మేసేస్తాయి, రోగాలు అంటిస్తాయి. శింషాల్ వైపు భరల్‌లకు గజ్జి సోకిన సంగతి 2007లో పశువైద్య పత్రికకెక్కింది.

భారత్ ఎంచుకున్న దారి

భారత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో భరల్ మొదటి షెడ్యూలులో ఉంది. వేటకు కోటా ప్రశ్నే లేదు. బదులుగా లద్దాఖ్‌లోని హెమిస్ నేషనల్ పార్కు ఊళ్లలో చలికాలం మంచు చిరుతను చూడటానికి పర్యాటకులు వస్తారు, ఇళ్లలోనే బస చేస్తారు. 2024లో వెలువడిన గణన ప్రకారం దేశంలోని 718 మంచు చిరుతల్లో 477 లద్దాఖ్‌లోనే ఉన్నాయి. హిమాచల్‌లోని స్పితి లోయలో కిబ్బర్ గ్రామం పరిహారం తీసుకుని కొంత మేత భూమిని పశువులు తోలకుండా వదిలేసింది. అక్కడ భరల్‌ల సంఖ్య పెరిగింది.

పర్యాటకానికీ పరిమితులున్నాయి. చిరుత కనిపించే, దారి ఉన్న లోయలకే జనం వస్తారు. శింషాల్ లాంటి మారుమూలకు వందమంది యాత్రికులు తెచ్చే డబ్బును ఒక్క వేటగాడు తేగలడని వేటను సమర్థించేవాళ్లు చెప్పేది ఇందుకే. ప్రాణానికి ధర కట్టడమే తప్పని నమ్మేవాళ్లకు ఆ లెక్క రుచించదు.

నైతికంగా ఎటువైపు నిలబడినా, తోర్‌ఘర్, శింషాల్, కిబ్బర్ ఒక విషయంలో కలుస్తాయి. కొండ మీది జంతువు బతికి ఉంటే ఊరికి ఏదో ఒకటి దక్కుతుంది. అది లేని చోట వేటను అనుమతించినా నిషేధించినా కాపలా ఉండేవాడు దొరకడు. ఎవరైనా ‘వేటతో సంరక్షణ’ అంటే ముందు అడగాల్సినవి రెండే ప్రశ్నలు: మందను లెక్కపెట్టింది ఎవరు? డబ్బు ఏ ఊరికి చేరింది?