ఆయన వినని చప్పట్లు

కూర్చోండర్రా, మంటకి మరీ దగ్గరగా జరక్కండి. మద్రాసులో చలి కాచుకునే భాగ్యం ఈ భోగినాడే.

ఇందాక నువ్వు వినిపించావే, ఆ సియాటిల్ వాళ్ల పాట. వేరే వేరే బ్యాండ్ల వాళ్లు కలిసి 1995లో ఒకే ఒక్క ఆల్బమ్ చేశారన్నావు, మ్యాడ్ సీజన్ కదూ? మాటలు తెలియకపోయినా ఆ గొంతులో దిగులు నాకు తెలిసిందిరా. ఆ పాడినతను, లేన్ స్టేలీ, 34 ఏళ్లకే పోయాడనగానే నాకు సుబ్బరామన్ గారు గుర్తొచ్చారు.

ఈ ఊళ్లోనే నలుగురు కలిసి వినోదా పిక్చర్స్ పెట్టుకున్నారు. డి.ఎల్. నారాయణ గారు, పాటలు రాసే సముద్రాల రాఘవాచార్యులు గారు, డాన్సులు నేర్పే వేదాంతం రాఘవయ్య గారు, సంగీతానికి సి.ఆర్. సుబ్బరామన్ గారు. 1951లో స్త్రీ సాహసం, మరుసటేడు శాంతి తీశారు. ఆ పైన దేవదాసు. బెంగాలీ రచయిత శరత్ బాబు నవల. కత్తి తిప్పే జానపద హీరో నాగేశ్వరరావు తాగుబోతు వేషానికి ఏం పనికొస్తాడని చాలామంది పెదవి విరిచారు. రాఘవయ్య గారు ఆ సీన్లు రాత్రుళ్లు తీశారు. నిద్రలేక కళ్లు వాలిపోతుంటే మత్తు వేరే నటించక్కర్లేకపోయింది.

సుబ్బరామన్ గారిది తిరునెల్వేలి వైపు. రత్నమాల సినిమాకి ఆయన దగ్గర సహాయకుడిగా చేసిన ఘంటసాల గారు వయసులో ఆయనకంటే పెద్ద! లైలా మజ్నులో ఆయన కట్టిన పాటలు వింటే ముప్పై కూడా నిండని మనిషి చేశాడంటే నమ్మబుద్ధి కాదు. 1952 జూన్ ఆఖర్లో పోయారు. 28 ఏళ్లు. దేవదాసు ఇంకా సగంలోనే ఉంది. మిగిలిన పని ఆయన శిష్యులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. సరిగ్గా ఏడాదికి, 1953 జూన్ 26న సినిమా వచ్చింది.

మా మాంబళం ఇంట్లో గ్రామఫోను ఉండేది. కీ ఇచ్చి, సూది మార్చి, ‘జగమే మాయ’ ప్లేటు పెట్టేవాడు మా నాన్న. మూడు నిమిషాలకే అయిపోయేది. పాట మధ్యలో కీ అయిపోతే ఘంటసాల గారి గొంతు బరువెక్కి, సాగిపోయేది. పరిగెత్తుకెళ్లి హ్యాండిల్ తిప్పడం నా వంతు. విషాదమంటే గుండెలు బాదుకోవడం కాదని ఆ గొంతు వింటేనే నాకు తెలిసింది. ఆయన ఏడవడు. అన్నీ పోగొట్టుకున్న మనిషి తీరిగ్గా మాట్లాడినట్టు పాడతాడు, మనకే గొంతు పట్టేస్తుంది.

హాల్లో జనం ఆ పాటలకి కొట్టిన చప్పట్లు సుబ్బరామన్ గారు వినలేదు, నాకు ఇప్పటికీ కష్టంగా ఉండేది అదే. శిష్యులిద్దరూ 1965 దాకా కలిసి తమిళ సినిమాని ఏలారు. అయినా దేవదాసు సంగీతమంటే ముందు చెప్పుకునేది సుబ్బరామన్ గారి పేరే. ఏదీ, నీ ఫోన్‌లో దొరుకుతుందేమో వెతుకు, పెట్టు.