‘బ్యాన్’ – ఒక మాట వెనుక కథ

నేను ఇంగ్లండుకు వచ్చిన కొత్తలో మా వార్డులో పనిచేసే నర్సు ఒకామె ఎంతో సంతోషంగా, “వచ్చే ఆదివారం చర్చిలో మా బ్యాన్స్ చదువుతున్నారు, డాక్టర్!” అంది. ఆమెకు పెళ్ళి కుదిరిందని అప్పటికే విన్నాను. ఇంతలోనే ఈ ‘బ్యాన్’ ఏమిటి, పెళ్ళి ఆగిపోయిందా అనుకుని “అయ్యో పాపం!” అనేశాను. వార్డంతా ఒకటే నవ్వు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో చదివే ప్రకటనే ‘బ్యాన్స్’ అని ఆమే తర్వాత చెప్పింది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి నిఘంటువు తీశాను.

తీరా చూస్తే నవ్వినవాళ్ళదీ తప్పు కాదు, నాదీ తప్పు కాదు. రెండూ ఒక్క మాటే. నిషేధం అనే అర్థం దానికి తర్వాత వచ్చింది. పాత ఇంగ్లీషులో ‘బన్నన్’ అంటే అధికారంతో పిలవడం, చాటడం. మన పల్లెల్లో టముకు వేసి “ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా” అని చాటేవారు చూడండి, అదన్నమాట. భాషాశాస్త్రజ్ఞులు ఇంకా వెనక్కి వెళ్ళి, ‘పలుకు’ అని అర్థమిచ్చే ఒక ప్రాచీన ధాతువును చూపిస్తారు. సంస్కృతంలోని ‘భణతి’ దానికి చుట్టమేనంటారు. ఆ లెక్కన మన పండితులు వాడే ‘భణితి’ కూడా ఆ ఇంటి ఆడపడుచే!

మధ్యయుగాల ఐరోపాలో రాజుగారు సామంతులను యుద్ధానికి రమ్మని చాటిస్తే అది ‘బాన్’. ఊరి ప్రభువు తన మరలోనే ధాన్యం ఆడించాలనీ, తన పొయ్యిలోనే రొట్టె కాల్చుకోవాలనీ చాటిస్తే అదీ ‘బాన్’. అలా ఊరందరికీ ఉమ్మడి అయినదాన్ని ఫ్రెంచివారు ‘బనాల్’ అన్నారు. ఇప్పుడు ఆ మాటకు ‘పరమ మామూలుది’ అని అర్థం. చాటింపుకు విరుద్ధంగా తెచ్చిన సరుకు ‘కాంట్రబాండ్’. చాటింపు వేసి వెలివేసిన మనిషి ఇటలీలో ‘బండీటో’, ఇంగ్లీషులో ‘బాండిట్’. ప్రభువుల చాటింపుల్లో ‘చేయండి’ కంటే ‘చేయకండి’ ఎక్కువ కాబోలు, మెల్లగా చాటింపే నిషేధమైంది. ఉత్తరాది నార్సు భాషలో ఇదే ధాతువు నుంచి వచ్చిన ‘బన్నా’కు శపించడం, వద్దనడం అనే అర్థాలుండటమూ దీనికి తోడైంది.

పెళ్ళి ‘బ్యాన్స్’ మాత్రం పాత అర్థాన్నే అంటిపెట్టుకుని ఉన్నాయి. 1215లో నాలుగవ లాటరన్ సభ వీటిని క్రైస్తవ లోకమంతటికీ నియమంగా చేసింది. 1753 నాటి వివాహ చట్టం ఇంగ్లండులో రహస్య వివాహాలను అరికట్టడానికి వీటినే ఆధారం చేసుకుంది. ఇందులో గమనించవలసినది ఒకటుంది. ప్రకటన చదివి ఊరుకోరు. “అభ్యంతరం ఉన్నవారు చెప్పండి” అని అడుగుతారు. అంటే ఈ చాటింపు జవాబును కోరుతుంది.

జవాబును కోరని చాటింపు ఎలా ఉంటుందో మన పెద్దలకు తెలుసు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ నవలను ఆనాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అది పుస్తకం మీద వేసిన బ్యాన్. మనిషి మీదనే బ్యాన్ వేసిన దేశం దక్షిణాఫ్రికా. అక్కడ 1950లో కమ్యూనిజాన్ని అణచే పేరుతో ఒక చట్టం వచ్చింది. దాని కింద మంత్రి సంతకం చేసిన కాగితం చేతికిస్తే చాలు, విచారణ లేదు, వాదన లేదు. ఆ మనిషి సభలకు వెళ్ళకూడదు. 1962 తర్వాత అతని మాటలను అచ్చువేయడమూ నేరమే. ఎడింబరోలో వైద్యం చదివిన మోంటీ నాయకర్, యూసుఫ్ దాదూ గార్లు ఇద్దరికీ ఈ కాగితాలు అందాయి.

నేటాల్‌లో వైద్యవిద్యార్థిగా ఉండిన స్టీవ్ బికోను 1973లో బ్యాన్ చేశారు. ఆయన ఒక పట్టణం దాటి పోకూడదు, ఒకేసారి ఒకరికంటే ఎక్కువమందితో మాట్లాడకూడదు. 1977లో పోలీసుల నిర్బంధంలో తలకు తీవ్రమైన దెబ్బలు తగిలిన ఆయనను జీపులాంటి బండిలో వెయ్యి కిలోమీటర్లకు పైగా తీసుకుపోయారు. సెప్టెంబరు 12న ఆయన మరణించారు. అప్పటికి వయస్సు 30. అంతకు ముందు ఆయనను పరీక్షించిన వైద్యులు పోలీసుల మాటకు అడ్డు చెప్పలేదు. ఆ వైద్యులలో ఇద్దరిని అక్కడి వైద్యమండలి దోషులుగా తేల్చేసరికి 1985 వచ్చింది. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు మనసు కుదుటపడదు. మాట్లాడకూడదని ఆ వైద్యుల చేతికి ఎవరూ కాగితం ఇవ్వలేదు. ఆ గదిలో నేనుంటే నోరు విప్పేవాడినా? విప్పేవాడినని అనుకోవడం తేలికే.

‘పలుకు’ అని పుట్టిన మాట చివరికి మనిషి పలుకునే మూసేసింది. దక్షిణాఫ్రికాలో 1990 ఫిబ్రవరి 2న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసు మీద నిషేధం ఎత్తివేశారు. మాట మళ్ళీ బయటికి వచ్చింది.

మన ఇళ్ళల్లోనూ చిన్న చిన్న బ్యాన్‌లు వేస్తూనే ఉంటాం. మొన్న మా ఏడేళ్ళ అమ్మాయికి టెలివిజన్ బంద్ అన్నాను. “ఎందుకు నాన్నా?” అంది. “చెప్పానుగా, అంతే!” అనబోయి, ఆ నర్సు పెళ్ళి ప్రకటన గుర్తుకు వచ్చి ఆగాను. “నీ అభ్యంతరం ఏమిటో చెప్పు” అన్నాను. చాలాసేపు చెప్పింది. టెలివిజన్ పెట్టలేదనుకోండి, విన్నాను.