బంజరు అనుకున్న చోట పూలు



పిల్లలకు సెలవులొస్తే ఊటీ అంటాం, కొడైకెనాల్ అంటాం. కర్నూలు జిల్లా పత్తికొండ వైపు పోదామంటే మాత్రం "అక్కడేముందండీ, ఎండా రాళ్ళూ తప్ప!" అనేస్తాం. ఒక్క నాలుగు వానలు పడనిచ్చి వెళ్ళి చూడండి, తెలుస్తుంది.

ముందుగా ఒక పాత సంగతి. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలోనే కలరా సోకి చనిపోయాడు. అంతకు ముందు 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్నవాడు. ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం పత్తికొండలో మెట్లబావి కట్టించి, తోపు వేయించింది. ఎండసీమలో అంతకు మించిన పుణ్యం ఏముంటుంది చెప్పండి?

ఈ పుణ్యం నిన్నమొన్నటిది కాదు. పాత పత్తికొండ తాలూకాలోని ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటివి. మనుషులకూ పశువులకూ పనికొచ్చే మూలికలు నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించాననీ ఆయన వాటిలో చెప్పుకున్నాడు.

సరే, చెట్టు నాటితే పుణ్యం వచ్చింది. మరి గడ్డి మాటేమిటి? మన్రో పొలం పొలం కొలిపించి, రైతువారీ పద్ధతిలో శిస్తు కట్టించాడు. దున్నిన నేలకు శిస్తు. దున్నని నేల సర్కారు లెక్కల్లో బంజరు. ఆ మాట మన నోళ్ళలో ఇప్పటికీ అలాగే నిలిచిపోయింది.

ఆ "బంజరు" ఎలా ఉంటుందో చూడాలంటే పత్తికొండ నుంచి కర్నూలు మీదుగా నందికొట్కూరు వైపు వెళ్ళి, రోళ్ళపాడు అభయారణ్యం చూడాలి. పేరులో అరణ్యం ఉన్నా కళ్ళకు కనబడేది గడ్డి. వానాకాలంలో ఆ పచ్చికలో నీలంగా విష్ణుక్రాంత, తెల్లగా తుమ్మి, పసుపుపచ్చగా పల్లేరూ తంగేడూ పూస్తాయి. వినాయక చవితి పత్రిలో మనం వెతుక్కునే విష్ణుక్రాంత ఇదేనండీ!

1988లో సుమారు 614 హెక్టార్ల ఈ నేలను బట్టమేక పిట్ట కోసం కేటాయించారు. పదిహేను కిలోల దాకా తూగే పక్షి అది. చెట్టెక్కదు, గూడు కట్టదు. నేల మీదే సాధారణంగా ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. దూరాన వచ్చే శత్రువు కంటబడాలంటే దానికి బయలే కావాలి. మంచి చేస్తున్నామనుకుని అక్కడ కూడా గుబురుగా చెట్లు నాటితే దానికి చోటుండదు.

అభయారణ్యం వచ్చాక కృష్ణజింకలు పెరిగాయి. అవి పొలాల్లో పడి మేస్తే రైతుకు నష్టమే, ఆ మాటా ఒప్పుకోవాలి. కానీ చుట్టూ ఉన్న పచ్చిక సాగులోకి పోయి, పిట్ట మాత్రం తగ్గిపోయింది. దేశం మొత్తం మీద నూటయాభై కూడా లేవంటారు. రోళ్ళపాడులో కనబడటమే అరుదైపోయింది.

అందుకని, అమ్మా, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వీలు చూసుకుని పిల్లల్ని తీసుకెళ్ళండి. దారి విడిచి గడ్డిలోకి పరుగెత్తనివ్వకండి, గుడ్లుండేది నేల మీదే. పూలు చూపించండి, కోయనివ్వకండి. తిరిగొచ్చాక ఎవరైనా "అదంతా ఖాళీ నేలేగా" అంటే, "ఎవరికి ఖాళీ?" అని మీ పిల్లలే అడుగుతారు.