పిండికట్టు విప్పిన తర్వాత

పిల్లల కాలి ఆపరేషన్ల చరిత్ర రాసేవాళ్లు సర్జన్ల పేర్లతో మొదలుపెడతారు. నేను డ్రెస్సర్ని. నా లెక్కలో ఆ చరిత్రలో థియేటరు వాటా సగమే. మిగతా సగం కట్లు కట్టే గదిలో, ఆ తర్వాత బిడ్డ ఇంట్లో నడిచింది. ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేటలో రైల్వే క్వార్టర్ల మధ్య పెరిగి, రైల్వే ఆసుపత్రిలో కట్లు కడుతూ రిటైరైనవాణ్ణి కనుక ఆ రెండో సగమే చెబుతాను.

వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న ఈస్ట్ కోస్ట్ లైను 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. ఖరగ్‌పూర్ ఆ కంపెనీకి జంక్షను, వర్క్‌షాపు ఊరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం ఆ పట్టాలు పట్టుకునే ఇక్కడికి చేరారు. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడ్డాక కూడా, 2003 వరకూ వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే జోను. ఇందులో వైద్యానికి సంబంధించిన సంగతి ఒకటుంది. అమ్మమ్మ ఊరెళ్లిన బిడ్డకి అక్కడ కట్టు బిగిసిపోతే వాల్తేరు రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. పెద్దాసుపత్రికి రాసిస్తే రైల్వే ఉద్యోగి కుటుంబానికి రైలు పాసు వచ్చేది. తిరిగి చూపించుకోవడానికి టికెట్టు డబ్బులు వెతుక్కోనక్కర్లేదు.

నేను ఉద్యోగంలో చేరిన 1970ల చివర్లో పిల్లల కాళ్ల జబ్బంటే ముందు పోలియోనే. చచ్చిన కండని ఏ ఆపరేషనూ బతికించదు. బిగుసుకుపోయిన మోకాలినో తుంటినో వదులు చెయ్యడం, బలమున్న కండ కొసని బలం లేనిచోటికి మార్చడం, ఆ పైన కాలికి ఊతమిచ్చే చట్రం, అదే క్యాలిపర్, తొడిగి నడిపించడం, అంతే. బిడ్డ ఎదుగుతుంటే క్యాలిపర్ పొట్టిదవుతుంది, మళ్లీ చేయించాలి. ఈ పని ఏళ్ల తరబడి సాగుతుంది. వేలూరు సీఎంసీలో, ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి చక్రాల కుర్చీలోంచే వైద్యం చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ ఉండేవారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరిచారు. వేలూరుకి దిగే కాట్పాడి స్టేషను ఇక్కడి బెంగాలీలకీ, మనవాళ్లకీ ఒకేలా తెలుసు. కానీ బస్తీలో కూలీ కుటుంబాలకి పాసు లేదు, మెడికల్ కార్డూ లేదు. వాళ్ల పిల్లల క్యాలిపర్లు పొట్టివై మూలపడ్డాయి, కాళ్లు మళ్లీ ముడుచుకున్నాయి.

దేశంలో సహజ పోలియో చివరి కేసు మన లైనులోనే, హౌరా జిల్లాలో, 2011 జనవరి 13న బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో పోయిందని ధ్రువీకరించింది.

పోలియో పోయినా వంకర పాదాలు పోలేదు. సుమారు వెయ్యి కాన్పులకి ఒక బిడ్డ పాదాలు లోపలికి తిరిగి పుడుతుంది. 1971లో టర్కో అనే అమెరికా సర్జన్ ఒకే ఆపరేషన్లో పాదాన్ని తిన్నగా చేసే పద్ధతి ప్రచురించాక అది అంతటా పాకింది. కట్టు విప్పిన రోజు పాదం ముచ్చటగా ఉండేది. ఆ బిడ్డే పెద్దయ్యాక పాదం కొయ్యలా బిగిసి, నొప్పి పెట్టేది. అలా పెద్ద కోతలు పడ్డ పాదాలు ఏళ్లు గడిచాక సరిగా పనిచెయ్యడం లేదని 2006లో డాబ్స్ అనే సర్జన్ బృందం కూడా తేల్చింది.

అమెరికాలోని అయోవాలో పోన్‌సెటి అనే డాక్టరు 1940ల చివర్నుంచీ వేరే దారి పట్టాడు. లోకం ఆయన మాట వినేసరికి 1990లు గడిచిపోయాయి. వారానికోసారి చేత్తో పాదాన్ని కొంచెం సరిచేసి పిండికట్టు వేస్తారు. ప్లాస్టర్ చుట్టని గోరువెచ్చని నీళ్లలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచాలి. ఒకరు పాదం పట్టుకుంటే ఒకరు చుడతారు. మోకాలు మడిచి తొడ దాకా కట్టాలి. అయ్యాక బొటనవేలి గోరు నొక్కి వదిలితే, తెల్లబడ్డ గోరు వెంటనే ఎర్రబడాలి. "అమ్మా, వేళ్లు కనిపిస్తున్నాయో లేదో రోజూ చూసుకో. లోపలికి పోతే కట్టు జారినట్టే, పట్టుకొచ్చెయ్" అని ప్రతి తల్లికీ చెప్పేవాణ్ణి. అయిదారు కట్ల తర్వాత చాలామందికి మడమ వెనక నరంలాంటి పట్టెకి చిన్న గాటు, ఇంకో మూడు వారాల కట్టు. ఆపైన కడ్డీకి బిగించిన బూట్లు: మూడు నెలలు రోజుకి 23 గంటలు, తర్వాత నాలుగేళ్ల వయసుదాకా నిద్రవేళల్లో.

ఈ పద్ధతిలో వైద్యం పొందిన 45 మందిని పెద్దయ్యాక పరీక్షించి కూపర్, డీట్జ్ అనే డాక్టర్లు 1995లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 78 శాతం మందికి పాదాలు బాగున్నాయి. పుట్టుకతో ఏ లోపమూ లేనివాళ్లలోనే ఆ లెక్క 85 శాతం.

వంకర తిరగబెట్టడానికి అన్నిటికన్నా పెద్ద కారణం బూట్లు మానెయ్యడం. బిడ్డ ఏడుస్తోందని నాయనమ్మ విప్పేస్తుంది, పాదం బాగానే ఉంది కదా అని తండ్రి ఊరుకుంటాడు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ వైద్యం ఉచితం. కనుక ఇప్పుడు పాసు లేదన్న సాకూ లేదు. డాక్టరు చెప్పేదాకా ఆ బూట్లు విప్పకండి, రివ్యూ తేదీ దాటనివ్వకండి.